శిబిరంలో రెండు బంతులా?

1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద భూస్వాములు పడి ఆరుగుర్ని చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు కాడ. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. ఉద్యమం అక్కణ్ణుంచే లేచింది. శిబిరమంటే మనకు తలదాచుకునే చోటు, తలెత్తుకునే చోటు.

మరి మొన్న మన శిబిరంలో జరిగిందేమిటి? భోజనాల వేళ ఒక డక్కలి తమ్ముడు పళ్లెం పట్టుకుని దూరంగా పోయి కూచున్నాడు. పొమ్మని ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. డక్కలివాళ్లు మాదిగింటి గడప తొక్కరాదన్న పాత కట్టుబాటు మన వెంటే శిబిరానికీ వచ్చింది. మేమూ చూసి ఊరుకున్నాం. తప్పు మాది.

ఆడవాళ్ల సంగతీ అంతే. వంటకు ముందు, మైకుకు వెనక. చంటిపిల్లల తల్లులు రెండోరోజే ఇంటిదారి పట్టారు.

అందుకే వచ్చే శిబిరంలో బంతి ఒక్కటే. వంటా, ఊడుపూ, అంట్లూ అందరికీ వంతులే, ఉపన్యాసకులకు కూడా. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లకు దారిఖర్చు ముందే ఇవ్వాలి. పిల్లల్ని చూసే పని మగ కార్యకర్తలది. ఎవరికి అవమానం జరిగినా వినడానికి ముగ్గురుంటారు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. చెప్పినవాళ్ల పేరు బయటికి పొక్కదు. చేసినవాడు ఎంత పెద్ద నాయకుడైనా శిబిరం విడిచి పోవాల్సిందే.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని ఊరికి చెబుతున్నాం. ముందు మన బంతిలో అమలు చేద్దాం. ఆ తమ్ముడు మళ్లీ వస్తే మన పక్కనే కూచోవాలి. రాకపోతే మనమే పోయి పిలుచుకొద్దాం.