అరవై లక్షల కారుకు బేరమాడితే పరువు పోతుందా?

ఈసారి కొంచెం పొడుగైంది, తీరుబడిగా చదవండి.

ఈమధ్య మనవాళ్ల ఇళ్ల ముందు పెద్ద పెద్ద కార్లు కనబడుతున్నాయి. సంతోషం. కోయంబత్తూరు వైపు మిల్లులు, ఫౌండ్రీలు నడిపేవాళ్లు కొంటున్నారు, అమెరికాలో పిల్లలున్నవాళ్లు కొంటున్నారు. ఎందుకు కొన్నారని అడిగే హక్కు మాకు లేదు. కానీ కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకు పావుగంట నిలబడే మనిషి, జర్మనీ కారు షోరూములో సోఫా మీద కూచోబెట్టి కాఫీ ఇచ్చేసరికి నోరు కట్టేసుకుంటున్నాడు. "ఇంత కారు కొంటూ బేరమాడితే మన గురించి ఏమనుకుంటారు" అంటాడు. మాకు ఇది సుతరామూ నచ్చదు. బేరం అన్న మాట అరవంలోనూ తెలుగులోనూ దాదాపు ఒకటే. బడిలో అరవంలో చదివాం, ఇంట్లో తెలుగులో విన్నాం, రెండు చోట్లా అది సిగ్గుపడే మాట కాదు.

అయితే బేరమంటే "ఎంత తగ్గిస్తావయ్యా" అని అడిగి, వాళ్లు చెప్పిన అంకె విని సంతోషపడటం కాదు. మేము రైల్వే పార్సెల్ ఆఫీసులో ఏళ్ల తరబడి కలం పట్టినవాళ్లం. అక్కడ డెమరేజి అన్నా వార్ఫేజి అన్నా ప్రతి రూపాయికీ ఒక పేరు, ఒక రూలు ఉంటుంది. పార్టీ వచ్చి "ఇది ఏ రూలు కింద వేశారు సార్" అంటే పుస్తకం తీసి చూపించాలి. షోరూములో మనం అడగాల్సిందీ అదే. ఆన్‌రోడ్ ధర అని ఒకే అంకె చెబితే ఒప్పుకోకండి. లైను లైనుగా కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఆ కాగితంలో కొన్ని లైన్లు ఎవరి చేతిలోనూ లేవు. పెట్రోలు, డీజిలు పెద్ద సెడాన్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28, దాని మీద సెస్సు 20, కలిపి 48 ఉండేది. మన తమిళనాడులో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్సు 20 శాతం. 60 లక్షల కారుకు సుమారు 12 లక్షలు అక్కడే పోతుంది. దీని మీద షోరూము కుర్రవాడితో పోట్లాడి లాభం లేదు. 10 లక్షలు దాటిన కారుకు టీసీఎస్ అని ఒక శాతం వసూలు చేస్తారు, 60 లక్షలకు 60 వేలు. ఇది మీ పాన్ నంబరు మీద జమ అయ్యే డబ్బు. ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్నులో చూపించి లెక్కలోకి తెచ్చుకోవచ్చు. తెలియక వదిలేసినవాళ్లు మన సంఘంలోనే ఇద్దరున్నారు.

మిగతా లైన్లలోనే మన మాట సాగుతుంది. ముందు ఇన్సూరెన్సు. మూడేళ్ల థర్డ్ పార్టీ 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి, అది అందరికీ ఉన్నదే. తేడా అంతా సొంత కారు డ్యామేజీకి కట్టే ప్రీమియంలో వస్తుంది. షోరూములోనే తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. మన సభ్యుడొకాయనకు 2,40,000 అని రాసిచ్చారు. అదే విలువకు, అవే యాడ్-ఆన్‌లతో బయట అడిగితే 1,65,000 అన్నారు. ఆ కాగితం టేబులు మీద పెట్టగానే షోరూముకూ అదే ధర గిట్టుబాటైంది! తరువాత హ్యాండ్లింగ్ చార్జీ. "ఆర్టీవో రసీదులో ఎంతుందో అంత ఇస్తాం" అనండి, ఆ రసీదులో ఈ పేరే ఉండదు. లాజిస్టిక్స్ అని ఇంకొకటి రాస్తారు. పరనూరు స్టేషను దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో 2007 నుంచి బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ ఉంది. లోకల్ ట్రైనులో పోయి రాగలిగిన చోట తయారైన కారును చెన్నైలో అమ్ముతూ ఈ లైను రాస్తే, ఎక్కడి నుంచి ఎక్కడికి మోశారో అడగండి.

"రెండు లక్షల సామాన్లు ఉచితం సార్" అంటే వద్దనండి. ఆ చాపలు, కవర్లు రెండు లక్షలు చేస్తాయని చెప్పేది అమ్మేవాళ్లే. తగ్గించేది కారు బిల్లులోనే తగ్గించమనండి. అప్పుడు జీఎస్టీ కూడా తగ్గిన ధర మీదే పడుతుంది. మెర్సిడెస్ బెంజ్ సంగతి వేరు. 2021 అక్టోబరు నుంచి కంపెనీయే నేరుగా మన పేరున బిల్లు చేస్తోంది, ఏ ఊళ్లో కొన్నా కారు ధర ఒకటే. అక్కడ కూడా ఇన్సూరెన్సు, పాత కారుకిచ్చే ధర, లోను వడ్డీ మాట్లాడుకోవచ్చు.

ఎప్పుడు పోవాలన్నది మనకంటే టి.నగర్ బట్టల కొట్లవాళ్లకు బాగా తెలుసు. ఆడి నెలలో ఎవరూ శుభకార్యం చెయ్యరు, అందుకే ఆడి తళ్లుబడి పుట్టింది. కార్ల షోరూములకూ ఆడి నెల అలాంటిదే. దానికంటే మంచిది మార్గళి. మనవాళ్లు బండి తియ్యరు, అక్కడ డిసెంబరు ఆఖరు, పాత ఏడాది స్టాకు కదలాలి. మీకు నమ్మకముంటే తై ఒకటి దాటాకే డెలివరీ తీసుకోండి, ధర మాత్రం మార్గళిలో మాట్లాడి రాయించుకోండి. ఒక్క జాగ్రత్త. ఆర్సీలో తయారైన నెల, ఏడాది ఉంటాయి. పోయిన ఏడాది తయారైన కారును జనవరిలో రిజిస్టరు చేస్తే, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు ఆ ఏడాదే చూస్తాడు. ఇన్సూరెన్సు లెక్కలోనే ఆరు నెలల నుంచి ఏడాది లోపు బండికి 15 శాతం, రెండేళ్ల లోపు దానికి 20, మూడేళ్ల లోపు దానికి 30 శాతం విలువ కోస్తారు. ఆ నష్టానికి తగినంత తగ్గింపు ఇవ్వకపోతే అది డిస్కౌంటే కాదు.

ఇంత రాయడానికి అసలు కారణం పెళ్లిళ్లు. సీరు అనండి, సారె అనండి, దాన్లోకి కారు వచ్చి చేరింది. మన బంధువొకాయన షోరూములో మొదటి రోజే "తై నెలలో అమ్మాయి పెళ్లి, ముహూర్తానికి కారు కావాలి" అని చెప్పేశారు. ఇక బేరమెక్కడిది? అడిగిన రంగు ఆ తేదీకి పై మోడల్‌లో మాత్రమే ఉందన్నారు. అనుకున్నదానికంటే ఆరు లక్షలు ఎక్కువైంది, బైపాసు దగ్గరున్న సైటు కుదువ పెట్టారు. తేదీ చెప్పేసినవాడికి లేచి వచ్చేసే దారి ఉండదు, లేచి రాలేనివాడు బేరమాడలేడు. అల్లుడికి ఇష్టపడి ఇచ్చేదైతే పెళ్లయ్యాక, నెమ్మదిగా, అమ్మాయి పేరు మీద కొనండి. పెళ్లికొడుకు వైపువాళ్లే కారు పేరు, రంగు చెప్పి పంపితే అది 1961 చట్టం ప్రకారం కట్నం అడగడమే, నేరం. అలాంటి సంబంధం దగ్గర కారు బేరం కాదు, సంబంధమే మళ్లీ ఆలోచించాలి. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

యానాంలో ఉన్న మన సభ్యులకు ఒక మాట. పుదుచ్చేరిలో ట్యాక్సు తక్కువని, మీ ఇంటి అడ్రసు ఇమ్మని ఇక్కడి చుట్టాలు అడుగుతున్నారని విన్నాం. పీవై-04 నంబరు వేసుకుని కోయంబత్తూరులో తిరగడానికి. ఇవ్వకండి బావగారూ. కారు మామూలుగా ఉండే చోటే రిజిస్టరు చెయ్యాలి, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. తప్పుడు అడ్రసులతో పుదుచ్చేరిలో రిజిస్టరైన ఖరీదైన కార్ల మీద 2017లో కేరళలో పోలీసు కేసులు పడ్డాయి. షోరూమువాడు లేని చార్జీ రాస్తే తప్పని మనమంటున్నాం, లేని అడ్రసు మనం రాస్తే ఎట్లా?

అమ్మే కుర్రాళ్లతో మర్యాదగా మాట్లాడండి. వాళ్లకు జీతం తక్కువ, ఇన్సెంటివే ఆధారం. కొనే ఉద్దేశం లేకుండా నాలుగుసార్లు టెస్ట్ డ్రైవు అని తిప్పకండి, రాని కొటేషన్ వచ్చిందని చెప్పకండి.

కారు కొనబోయేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే కొటేషన్ తీసుకుని సంఘం ఆఫీసుకు రండి. ఆదివారం పొద్దున పదింటి నుంచి మేముంటాం. జిరాక్సు తెండి, మాకు పెన్సిలుతో గీతలు పెట్టే అలవాటు.