ఎంత చేరింది? ఎవరికి చేరింది?



ఈ నెల మీతో డబ్బు గురించి మాట్లాడతాను. సంపాదించడం గురించి కాదు, పంపడం గురించి. దూరదేశంలో ఉన్నవాడికి సంపాదన ఎంత కష్టమో, దాన్ని ఇంటికి సరిగ్గా చేర్చడం కూడా అంతే కష్టం. ఈ మాట మీ ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో నేటాల్ చేరినవాళ్లకు మొదటి ఏడు జీతం నెలకు పది షిల్లింగులు. అందులోంచి మిగిల్చి ఊరికి పంపడం ఎలా ఉండేదో ఊహించండి.

ఇక్కడ శుక్రవారం సెలవు. ఆ సాయంత్రం కువైట్ నగరంలోని మాలియా వైపు వెళ్తే అడుగడుగునా తెలుగు వినిపిస్తుంది. కడప వైపు నుంచి రాయచోటి, రాజంపేట, కోడూరు వాళ్లు. గోదావరి వైపు నుంచి కోనసీమ వాళ్లు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు, నాలాగా కంపెనీల్లో లెక్కలు రాసేవాళ్లు. మారిషస్ పాఠకులకు ఒక మాట. గౌతమి గోదావరికి ఒక వైపున కోరింగ రేవు, అవతలి వైపున కోనసీమ. ఆ రేవు పేరు మీదే మీ ముత్తాతలను అక్కడ కోరింగీలు అన్నారు. అదే గోదావరి అవతల నుంచి ఇప్పుడు ఆడవాళ్లు కువైట్ విమానం ఎక్కుతున్నారు.

జీతం వచ్చిన వారం మాలియాలో ఎక్స్ఛేంజ్ ఆఫీసుల ముందు వరసలు ఉంటాయి. అల్ ముల్లా, అల్ ముజైనీ, బీఈసీ, లులూ లాంటి పేర్లు ఇక్కడి తెలుగువాళ్లందరికీ నోటికి వచ్చు. చాలా కంపెనీలకు ఇప్పుడు ఫోన్ యాప్‌లు కూడా ఉన్నాయి. "ఏది మంచిది?" అని కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడుగుతారు. నేను పేరు చెప్పను. రెండు ప్రశ్నలు చెబుతాను. ఎంత చేరుతుంది? ఎవరికి చేరుతుంది?

ఈ ప్రశ్నలు నాకు నేర్పింది రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అక్క. ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఇంటిపని వాళ్లకు 2016లో ప్రభుత్వం పెట్టిన కనీస జీతం 60 దీనార్లు. అక్క తొమ్మిదేళ్లు పాతది కాబట్టి ఆమెకు 100 ఇస్తున్నారు. ఒక శుక్రవారం ఆమెకు తోడుగా వెళ్లాను. ఒక ఆఫీసు అద్దం మీద పెద్ద కాగితం అంటించి ఉంది. చదివి చెప్పాను.

"ఈడ ఫీజే లేదంట కదప్పా, ఈడే కడదాం," అంది.

"ఒక్క నిమిషం అక్కా, లెక్క వేద్దాం," అన్నాను.

మీరు కూడా నాతో లెక్క వేయండి. కువైట్ దీనారుకు వెయ్యి ఫిల్సులు. లెక్క కోసం ఇద్దరు వ్యాపారులు ఉన్నారనుకుందాం. మొదటివాడు దీనారుకు 270 రూపాయలు ఇస్తాడు, ఫీజు ఒకటిన్నర దీనారు. రెండోవాడు ఫీజు తీసుకోడు, కానీ దీనారుకు 264 రూపాయలే ఇస్తాడు. మన చేతిలో 100 దీనార్లు ఉన్నాయి. మొదటివాడి దగ్గర ఫీజు పోను 98న్నర దీనార్లు మిగులుతాయి. ఊరికి 26,595 రూపాయలు చేరుతాయి. రెండోవాడి దగ్గర 26,400 చేరుతాయి. అంటే ఫీజు లేనిచోట 195 రూపాయలు తక్కువ. ఆ వ్యాపారి కూలి వదులుకోలేదు, దాన్ని మారకం రేటులో దాచుకున్నాడు.

అయితే మొదటివాడే ఎప్పుడూ మంచివాడు అనుకోకండి. 20 దీనార్లు పంపి చూడండి. మొదటివాడి దగ్గర 4,995 రూపాయలు, రెండోవాడి దగ్గర 5,280 రూపాయలు. ఇప్పుడు రెండోవాడే మేలు. ఫీజు చిన్న మొత్తాన్ని ఎక్కువ కొరుకుతుంది. రేటు పెద్ద మొత్తాన్ని ఎక్కువ కొరుకుతుంది. ఈ లెక్కలో ఆ హద్దు 67న్నర దీనార్ల దగ్గర ఉంది. అందుకే కౌంటరు దగ్గరైనా, యాప్‌లోనైనా "ఫీజు ఎంత?" అని అడగొద్దు. "నా చేతిలో ఇంత ఉంది, ఊళ్లో ఎన్ని రూపాయలు చేరతాయి?" అని అడగండి. రెండు మూడు చోట్ల అదే ప్రశ్న, అదే గంటలో అడగండి. రేటు రోజులో కూడా మారుతుంది.

ఈ రేటు గొడవ మా తాతల కాలంలో ఇక్కడ లేదు. అప్పట్లో కువైట్‌లో చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల కోసం వేరే రూపాయి నోట్లు వేసింది. 1961లో కువైట్ సొంత దీనారు తెచ్చుకుంది. అప్పుడు దీనారుకు 13 రూపాయల చిల్లర. ఇప్పుడు 270 దాటింది.

రేటు ఇంకా పెరుగుతుందని డబ్బు పట్టుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు అప్పు లేకపోతే సరే. కానీ ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఊళ్లో అప్పు చేసి వచ్చినవాళ్లే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు ప్రతి వందకు రెండు రూపాయలు, ఏడాదికి ఇరవై నాలుగు. అప్పు తీర్చాల్సిన 26,595 రూపాయలను పదిహేను రోజులు ఆపితే వడ్డీ 266 రూపాయలు అవుతుంది. ఈలోగా రేటు రెండు రూపాయలు పెరిగినా, పంపే 98న్నర దీనార్ల మీద వచ్చేది 197 రూపాయలే. పెరగకపోతే అదీ లేదు.

ఇక రెండో ప్రశ్న. లెక్క అయ్యాక అక్కను అడిగాను, "ఎవరి ఖాతాకు?"

"తమ్ముడి ఖాతాకే. తొమ్మిదేండ్లుగా దానికే కదా."

ఆ డబ్బుతో ఊళ్లో ఇల్లు లేచింది. స్థలం తమ్ముడి పేరు, ఇల్లు తమ్ముడి పేరు. "వాడు చెడ్డోడు కాదప్పా. అమ్మను బాగానే చూసుకుంటాండాడు. కానీ ఆ కాగితంలో నా పేరు యాడా లేదు," అంది. ఆ మాట కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా గుర్తుంది.

ఆ ఏడాది సెలవుకు వెళ్లినప్పుడు ఆమె తన పాస్‌పోర్టు తీసుకుని బ్యాంకుకు వెళ్లి, తన పేరు మీద ఎన్ఆర్‌ఈ ఖాతా తెరిచింది. విదేశంలో ఉంటున్న భారతీయుల కోసం ఉన్న ఖాతా అది. విదేశంలో సంపాదించినది అందులో వేసుకోవచ్చు, తిరిగి బయటికి తీసుకుపోవచ్చు. దాని వడ్డీ మీద భారతదేశంలో ఆదాయపు పన్ను లేదు. తిరిగి వచ్చాక జీతాన్ని రెండు భాగాలు చేసింది. 70 దీనార్లు అమ్మ ఖర్చుకు, 30 తన ఖాతాకు.

మన లెక్కనే మళ్లీ తీయండి. 70 దీనార్లు మొదటివాడి దగ్గర 18,495 రూపాయలు. 30 దీనార్లు రెండోవాడి దగ్గర 7,920. మొత్తం 26,415. ఒకేసారి పంపితే 26,595 వచ్చేది. విడగొట్టినందుకు నెలకు 180 రూపాయలు తగ్గింది. ఇది ఆమెకు చెప్పాను. "మూడు నెలలకోసారి 90 దీనార్లు కలిపి పంపు అక్కా, కొంచెం మిగులుతుంది," అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "మూడు నెలలు పెట్టెలో పెట్టుకుని కూచుంటే ఎవరో ఒకరు అడుగుతారు, నేను ఇచ్చేస్తా. ఆ నూటాఎనభై పోతే పోనీ, నా పేరు మీద పడనీ," అంది. లెక్కలు రాసేవాణ్ణి నేనే అయినా, ఆమె లెక్కే సరైనది.

పేరు అంటే ఇంకో కష్టం కూడా ఉంది. ఒకసారి అమ్మకు ఒంట్లో బాగాలేదని అర్జెంటుగా నగదు పంపింది. ఊళ్లో ఏజెంటు దగ్గర అమ్మ తన కార్డు చూపి తీసుకోవాలి. ఇక్కడ ఫారం నింపింది నేనే. అమ్మ పేరులో ఇంగ్లీషు 'బి' ఒకటే రాశాను. ఆధార్ కార్డులో రెండు ఉన్నాయి. డబ్బు ఆగిపోయింది. ఇక్కడ మళ్లీ కౌంటరుకు వెళ్లి దిద్దించేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అమ్మ ఆసుపత్రిలో ఉంది, డబ్బు ఏజెంటు దగ్గర ఉంది. తప్పు నాదే.

ఇది మీకు కొత్త కాదు. ఓడ జాబితాలో గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా మీ ముత్తాత పేరు రాసుకున్నాడు. నాయుడు దర్బన్‌లో నైడూ అయ్యాడు. ఇంటిపేరు పోయింది, కొన్నిచోట్ల ఊరి పేరూ పోయింది. ఇప్పుడు ఊరు వెతుక్కుంటూ పాత కాగితాలు తిరగేస్తున్న పాఠకులు మీలో ఉన్నారు. ఒక అక్షరం ఎంత పని చేస్తుందో మీకు నేను చెప్పాలా?

నగదు పంపేటప్పుడు పేరు తప్పైతే డబ్బు ఆగుతుంది. ఖాతాకు పంపేటప్పుడు నంబరు తప్పైతే ఇంకా ప్రమాదం, వేరొకరి ఖాతాలో పడవచ్చు. బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడులో 11 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐదోది ఎప్పుడూ సున్నా. దాన్ని 'ఓ' అక్షరం అనుకుని కొట్టేవాళ్లు ఉన్నారు. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ తర్వాత దాని శాఖల కోడులు మారాయి. పాత పాస్‌బుక్ చూసి పంపేవాళ్లు ముందు కొత్త కోడు అడిగి తెలుసుకోవాలి. కొత్త ఖాతాకు మొదటిసారి ఐదు దీనార్లే పంపండి. అది చేరిందని ఫోన్ వచ్చాక మిగతాది పంపండి.

పంపేవాళ్ల పేరు కూడా ముఖ్యమే. యాప్ వాడాలంటే సివిల్ ఐడీ కార్డు, సొంత ఫోన్ నంబరు, డబ్బు కట్టడానికి బ్యాంకు కార్డు కావాలి. ఆ ఐడీ కార్డును మేం అరబిక్ మాటతో బతాకా అంటాం. జీతం చేతికి తీసుకునే ఇంటిపని ఆడవాళ్లలో చాలామందికి బ్యాంకు కార్డు లేదు. "నీ ఫోన్లోంచి పంపుప్పా," అని అక్క కూడా అడిగింది. నేను పంపలేదు. అలా పంపితే రశీదు మీద నా పేరు ఉంటుంది. రేపు డబ్బు తప్పిపోతే ఆమె దగ్గర అడగడానికి ఒక్క కాగితమూ ఉండదు. బతాకా తీసుకుని కౌంటరుకే వెళ్లాం. ఆమె రశీదులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకుంటుంది.

హుండీవాళ్లు ఇంకో రూపాయి ఎక్కువ ఇస్తామంటారు. ఇక్కడ దీనార్లు తీసుకుని, ఊళ్లో ఎవరో మనిషి చేత రూపాయలు ఇప్పిస్తారు. రశీదు ఉండదు, చట్టం ఒప్పుకోదు. మనిషి మాయమైతే ఎక్కడా చెప్పుకోలేం. కువైట్ సెంట్రల్ బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న కంపెనీ అయితే కనీసం వెళ్లి నిలదీయడానికి ఒక తలుపు ఉంటుంది. అలాగే, "మీ బతాకా ఆగిపోయింది, ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి. ఆ నంబరు మీ ఇంటి తాళం.

ఇదంతా కువైట్ ముచ్చటే అనుకోకండి. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 200 డాలర్లు పంపడానికి అయ్యే ఖర్చు ప్రపంచ సగటున 6 శాతం పైనే ఉంది. 2030 నాటికి 3 శాతం లోపు రావాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం. జీ-20 దేశాల్లో ఖర్చు ఎక్కువగా ఉన్న చోట్లలో దక్షిణాఫ్రికా ఒకటి. సిడ్నీలో ఉన్న అన్న సువాలో ఉన్న అమ్మకు పంపినా, అడగాల్సినవి ఆ రెండు ప్రశ్నలే.

ఈ నెల మాటలు

మారకం: ఒక దేశం డబ్బును ఇంకో దేశం డబ్బుగా మార్చడం.
రశీదు: డబ్బు కట్టినట్టు ఇచ్చే కాగితం.
ఖాతా: బ్యాంకులో మన పేరు మీద ఉండే లెక్క.
హుండీ: గుడిలో కానుకలు వేసే పెట్టె. చాటుగా డబ్బు పంపే వ్యాపారాన్ని కూడా ఇలాగే అంటారు.
యాడా: రాయలసీమ మాట. ఎక్కడా అని అర్థం.
నిలదీయడం: ఎదురుగా నిలబెట్టి గట్టిగా అడగడం.

ఈ నెల మీకు ఒక పని. మీ ఇంట్లో పాత కాగితాల్లో మీ ముత్తాత పేరు ఎలా రాసి ఉందో చూడండి. పెద్దవాళ్లు ఆ పేరును ఎలా పలుకుతారో అడగండి. రెండూ తెలుగులో రాసి పత్రికకు పంపండి. వచ్చే నెల కలుద్దాం.