బ్లూబెర్రీకి బోరు నీళ్లా?

సంపాదకులకు,

కుండీల్లో బ్లూబెర్రీ పెంపకంపై మీరు ప్రచురించిన వ్యాసం, బోరు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపితే చాలంది. మా తీరంలో అది మొక్కను చంపే సలహా. బ్లూబెర్రీకి 4.5 నుంచి 5.5 పీహెచ్ ఉన్న ఆమ్ల మట్టి కావాలి. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు తడిపిన ప్రతిసారీ ఆ గుణాన్ని విరిచేస్తాయి. వెనిగర్‌ను మట్టిలోని సూక్ష్మజీవులు కొద్దిరోజుల్లోనే తినేస్తాయి, ఉప్పు మాత్రం కుండీలో మిగిలిపోతుంది. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుని, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి ఆకు పసుపెక్కిందంటే వేళ్లకు ఇనుము అందడం లేదన్నమాటే.

వాననీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు. మా జిల్లాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. పది చదరపు మీటర్ల మిద్దెపై 20 మిల్లీమీటర్లు కురిస్తే 200 లీటర్ల డ్రమ్ము నిండినట్టే. సముద్రపు గాలి మిద్దెపై ఉప్పు చల్లుతుంది కనుక మొదటి జల్లు నీళ్లు వదిలేయాలి. దోమలు చేరతాయంటారా, డ్రమ్ము మూతికి పలచని గుడ్డ బిగిస్తే సరి. చలి లేనిదే కాయదన్నది పెద్ద అభ్యంతరం. 7 డిగ్రీల లోపుకు దిగే రాత్రులు మనకు లేని మాట నిజమే. కానీ పెరూ తీరంలో బిలోక్సీ వంటి రకాలు ఆ చలి లేకుండానే కాస్తున్నాయి. మన ఎండ అక్కడికన్నా తీవ్రం, మధ్యాహ్నం నీడ తప్పనిసరి. ఇంత చేసి బోరు నీళ్లు పోస్తే పడిన పాటంతా వృథా. వచ్చే సంచికలో ఆ వెనిగర్ సలహాను సవరించండి.

– ఒక పాఠకురాలు, భావనపాడు, శ్రీకాకుళం జిల్లా