గార తీయించాక మిగిలిన పని

మన ఊళ్ళలో ఒక మాట తరచు వినిపిస్తుంది. "గార తీపియ్యకు బిడ్డా, తీపిస్తే పండ్లు ఊగుతయి" అని. పెద్దవాళ్ళు ఇది ఊరికే అనరు. ఎవరో ఒకరు హన్మకొండకో వరంగల్లుకో బస్సెక్కి వెళ్ళి, పళ్ళు శుభ్రం చేయించుకుని వస్తారు. వారం తిరిగేసరికి పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి. చల్లని నీళ్ళు తాగితే జివ్వుమంటుంది. ఒకటి రెండు పళ్ళు కదులుతున్నట్టు కూడా ఉంటుంది. చూసినవాళ్ళు "ఉన్న పండ్లు ఖరాబు చేసుకున్నడు" అంటారు. ఆ మాట విని మరో పదిమంది ఆసుపత్రికి పోవడం మానేస్తారు.

వాళ్ళు కళ్ళతో చూసిన సంగతులు నిజమే. వాటికి చెప్పుకున్న కారణం మాత్రం తప్పు. సైన్సు చదువుకునే మీరు ఈ రెంటికీ ఉన్న తేడా పట్టుకోవాలి. ఇంకో సంగతి కూడా చెప్పదలచుకున్నాను. ఈ వైద్యంలో డాక్టరు చేసేది సగం పనే. తక్కిన సగం ఇంట్లో, అద్దం ముందు జరగాలి. ఆ సగం గురించి మనవాళ్ళకు విడమరచి చెప్పేవారు తక్కువ.

ముందు పంటి మొదట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పొద్దున లేవగానే పళ్ళమీద నాలుక ఆనించి చూడండి. జిగురుగా తగిలేదే పాచి. అది రాత్రి తిన్న అన్నం కాదు. కోట్లాది సూక్ష్మజీవులు కాపురముండే పొర. 1683లో హాలెండుకు చెందిన లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని తాను స్వయంగా చేసుకున్న సూక్ష్మదర్శినితో చూసి, అందులో చురుగ్గా కదిలే చిన్న చిన్న ప్రాణులున్నాయని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వృత్తికి ఆయన బట్టల వ్యాపారి!

పాచిని రోజూ తీసేయకపోతే మన ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు అందులోకి చేరి దాన్ని రాయిలా గట్టిపరుస్తాయి. అదే గార. ఇక బ్రష్షుకు లొంగదు. దాని గరుకు పైభాగం మీద కొత్త పాచి మరింత సులువుగా పట్టుకుంటుంది. చిగురు వాచి ఎర్రబడుతుంది, తోముకుంటే రక్తం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చిగురుకూ పంటికీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు గాడి మాత్రమే ఉంటుంది. రోగం ముదిరితే అది 4, 5, 6 మిల్లీమీటర్ల సంచి అవుతుంది. ఆ సంచి అడుగున పంటిని ఎముకకు కట్టి ఉంచే సన్నని నారలు తెగిపోతాయి, ఎముక కరిగిపోతుంది. చిత్రమేమంటే, చాలామందిలో ఇదంతా నొప్పి లేకుండానే జరుగుతుంది.

ఈ సంచుల్లోపల దాగిన గారను తీయడమే లోతుగా శుభ్రం చేయడం. తిమ్మిరి మందు సూది వేసి, సెకనుకు సుమారు 25,000 నుంచి 30,000 సార్లు కంపించే పరికరంతోనూ, వంపు తిరిగిన చిన్న చేతి పనిముట్లతోనూ పంటి వేరు మీది గారను తొలగిస్తారు. వేరును నునుపు చేస్తారు.

మరి పళ్ళెందుకు కదిలినట్టుంటాయి? ఆలోచించండి. అంతకుముందు పళ్ళ సందులన్నీ గారతో నిండి ఉన్నాయి. పక్కపక్క పళ్ళను అది సిమెంటులా అంటించి ఉంచింది. కింద ఎముక ఎప్పుడో తగ్గిపోయింది. గార పోగానే ఆ దొంగ ఆసరా పోయింది, ఉన్న లోపం బయటపడింది. అంతే. వాచిన చిగురు వాపు తీసి కిందికి దిగుతుంది కనుక సందులు కనిపిస్తాయి, పళ్ళు పొడుగైనట్టుంటాయి. వేరు భాగానికి ఎనామిల్ కవచం ఉండదు, అందుకే చల్లదనం తగిలితే జివ్వుమంటుంది. నాకు ఈ వైద్యం చేసినప్పుడు నాలుగు రోజులు నాలుక ఊరుకోలేదు. పోయిపోయి ఆ కొత్త సందులోకే దూరేది. చిగురు బిగిసేకొద్దీ కొద్దిపాటి కదలిక తగ్గుతుంది, జివ్వుమనడమూ క్రమంగా తగ్గుతుంది. ఎముక మరీ ఎక్కువ పోయిన పన్ను సంగతి వేరు. దాన్ని డాక్టరు ముందే చెప్పాలి.

గార తీయడం వల్లనే పళ్ళు ఊడతాయనేవారికి శ్రీలంక తేయాకు తోటల సంగతి చెప్పండి. అక్కడి తమిళ కూలీలు 480 మందిని 1970 నుంచి 1985 వరకు హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త బృందం పరిశీలించింది. వాళ్ళు పళ్ళు తోముకునే అలవాటు లేనివాళ్ళు. గార తీసే డాక్టరునూ ఎరగరు. వారిలో నూటికి 8 మందికి రోగం వేగంగా ముదిరింది, 81 మందికి ఒక మోస్తరు వేగంతో ముదిరింది. 11 మందికి మాత్రం చిగుళ్ళ వాపు దాటి పోలేదు. ఎవరూ గీకని పళ్ళే ఊడిపోయాయి మరి!

అదే శాస్త్రవేత్త అంతకుముందు డెన్మార్కులో చేసిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. 1965లో వెలువడింది. చిగుళ్ళు బాగున్న 12 మంది, ఎక్కువగా దంతవైద్య విద్యార్థులే, పళ్ళు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెడితే వారం పది రోజుల్లో మామూలయ్యాయి. మందూ లేదు, మాకూ లేదు. డాక్టరు ఎంత బాగా శుభ్రం చేసినా ఇంట్లో మూడు వారాలు అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో దీన్నిబట్టి మీరే లెక్క వేసుకోవచ్చు.

మా ధర్మసాగర్ చెరువు మీలో కొందరు చూసే ఉంటారు. చెరువుల్లో పూడిక తీసే పని 2015లో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రమంతటా సాగింది. పూడిక తీసినంత మాత్రాన చెరువు ఎల్లకాలం లోతుగా ఉంటుందా? వానకాలం వచ్చిందంటే వాగు మళ్ళీ మట్టి తెస్తుంది. నోట్లో అయితే ఆ వానకాలం రోజూ ఉంటుంది. శుభ్రం చేసిన సంచుల్లోకి సూక్ష్మజీవులు కొద్ది వారాలలో, నెలల్లో తిరిగి చేరతాయి.

సరే, ఇంటికి వచ్చాక ఏం చేయాలి? మొదటి రెండు మూడు గంటలు పెదవి, బుగ్గ తిమ్మిరిగా ఉంటాయి. అది తగ్గేదాకా ఏమీ తినకూడదు; తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటారు, వేడి చాయ్‌తో నోరు కాల్చుకుంటారు. ఆ రోజు ఉమ్మిలో కొంచెం ఎరుపు కనిపించడం మామూలే. మొదటి రోజు గట్టిగా పుక్కిలించి ఉమ్మకండి. మరునాటి నుంచి గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి మెల్లగా పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. నాలుగైదు రోజులు పెరుగన్నం, మెత్తని గట్క, పప్పు లాంటివి చాలు. సకినాలు, మిరపకాయ తొక్కు తరువాత తినవచ్చు. మక్కప్యాలాలు మరీ ప్రమాదం; వాటి పొట్టు చిగురు కిందికి దూరితే ఒక పట్టాన రాదు.

నొప్పిగా ఉందని చాలామంది బ్రష్షు మానేస్తారు. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే. చిగురు మానవలసిన రోజుల్లోనే దానికి పాచి తగలకూడదు. మెత్తని కుచ్చు బ్రష్షు కొనాలి. పంటికీ చిగురుకూ కలిసే గీత మీద దాన్ని 45 డిగ్రీల కోణంలో వంచి ఆనించి, చిన్న చిన్నగా కదిలించాలి. మీ పెట్టెలోని కోణమానిని తీసి 45 డిగ్రీలు ఎంత ఉంటుందో మీ నాయనమ్మకు చూపించండి! ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది చార్లెస్ బాస్ అనే అమెరికా వైద్యుడు. ఆయన దంతవైద్యుడు కాడు. బ్రష్షు పోలేని పళ్ళ సందులకు వేరే చిన్న బ్రష్షులున్నాయి, దారం ఉంది. ఏది ఎప్పటి నుంచి వాడాలో డాక్టరునడగాలి. చీపురుపుల్ల, పిన్నీసు మాత్రం వద్దు.

వేపపుల్లను నేను వెక్కిరించను. నమిలి మెత్తగా కుచ్చు చేసి ఓపికగా తోమేవారి పళ్ళు బాగానే ఉంటాయి. కాని పళ్ళ లోపలి వైపుకు అది సరిగా అందదు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు దాని పీచు గుచ్చుకుంటుంది. బొగ్గు, ఇటుక పొడి సంగతి వేరు. వాటిని వెక్కిరించడానికి నాకు అభ్యంతరం లేదు.

డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు రాస్తే, రాసిన రోజులు మాత్రమే వాడాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే మందు పని తగ్గుతుంది, అరగంట ఆగాలి. పంటి నొప్పికి చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ పెట్టుకునేవాళ్ళున్నారు. చిగురు కాలి తెల్లబడిపోతుంది.

పొగాకు మాట చెప్పక తప్పదు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని 1992లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. కాని నశ్యంతో పళ్ళు తోమేవారు, జర్దా దవడన పెట్టుకునేవారు ఇంకా ఉన్నారు. పొగాకు చిగురుకు రక్తప్రసారం తగ్గిస్తుంది. గాయం ఆలస్యంగా మానుతుంది. బీడీ తాగేవారి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది కూడా. దాంతో రోగం లేదనుకుంటారు. ఇంట్లో చక్కెరవ్యాధి ఉన్నవారుంటే ఇంకా జాగ్రత్త. చక్కెర అదుపులో లేకపోతే చిగురు మానదు. చిగుళ్ళ రోగం ముదిరితే చక్కెర అదుపులోకి రావడం కష్టం.

శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టినా రక్తం ఆగకపోయినా, రెండు మూడు రోజుల తరువాత నొప్పి తగ్గకుండా పెరిగినా, జ్వరమో చీమో కనిపించినా వెంటనే వెళ్ళాలి.

ఇందులో మీ పని ఏమిటంటారా? మందుచీటీ మీద మందుల పేర్లుంటాయి. బ్రష్షు ఎలా పట్టుకోవాలో ఉండదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూపించే డాక్టరు దొరికితే అదృష్టమే. మీ అమ్మానాన్నలతో మీరు వెళ్ళండి, అడగండి, రాసుకోండి. మీ ఇంట్లో కోణం, మిల్లీమీటరు తెలిసినవారు బహుశా మీరే.

మళ్ళీ పరీక్షకు నాలుగు నుంచి ఎనిమిది వారాలకు రమ్మంటారు. చాలామంది నొప్పి లేదు కదా అని వెళ్ళరు. తప్పక తీసుకువెళ్ళండి. గీతలున్న సన్నని కడ్డీతో ప్రతి పంటి చుట్టూ సంచి లోతు కొలుస్తారు. ఆ అంకెలు అడిగి నోటుబుక్కులో పట్టిక వేసుకోండి. వైద్యానికి ముందు కొలతలు కూడా పక్కనే ఉండాలి. 6 ఉన్నచోట 4 అయిందంటే బ్రష్షు బాగా పనిచేస్తున్నట్టు లెక్క. ఎక్కడైనా తగ్గలేదంటే, ఆ రాత్రి తోముకునేటప్పుడు పక్కన నిలబడి బ్రష్షు ఆ పంటి దాకా అసలు పోతున్నదో లేదో చూడండి.