ఇంగ్లీషున షష్ఠీ విభక్తి



బిడ్డ యింగ్లీషు వ్యాకరణము ముందిడుకొని కూర్చున్నంతనే "మాకేమి తెలియును? నాన్నగారి నడుగుము" అని తప్పుకొను తల్లులు మనలో పెక్కుమంది కలరు. తక్కిన పాఠముల మాట యెట్లున్నను, ఒక్క పాఠమున మాత్రము తెనుగు చదివిన తల్లి బిడ్డకు గురువు కాగలదని మేము నమ్ముచున్నాము. అది స్వామ్యమును దెలుపు నామవాచకముల పాఠము. మన వ్యాకరణమున షష్ఠీ విభక్తి.

ఇంగ్లీషున దీనికి గురుతు, పైభాగమున నుంచు అపాస్ట్రఫీ యను చిన్న కొక్కెమును, 'ఎస్' అను నక్షరమును. ప్రాచీనాంగ్లమున ననేక పదములకు షష్ఠిలో 'ఎస్'కు ముందు 'ఇ' యుండెడిది. కాలక్రమమున నది జారిపోగా, ఆ చోట కొక్కెము నిలిచినది.

చిక్కెక్కడనగా, 'బాయ్స్' అని పలికినచో పిల్లవాండ్రో, పిల్లవానిదో, పిల్లవాండ్రదో చెవికి తెలియదు. భేదము వ్రాతలోనే కలదు. తెనుగున నట్లు గాదు: పిల్లవాండ్రు, పిల్లవాని, పిల్లవాండ్ర అని మూడును వేరుగా వినవచ్చును. కావున బిడ్డచేత ముందుగా తెనుగున చెప్పింపవలెను. "పిల్లవాని పుస్తకములు" అన్నచో 'బాయ్' అని వ్రాసి, కొక్కెమిడి, 'ఎస్' చేర్చవలెను. "పిల్లవాండ్ర పుస్తకములు" అన్నచో 'బాయ్స్' అని ముగించి కొక్కెము మాత్ర ముంచవలెను. లెక్కింపవలసినది సొంతదారులను గాని సొత్తును గాదు. బహువచనమైనను చివర 'ఎస్' లేని 'చిల్డ్రన్', 'విమెన్' వంటి పదములకు కొక్కెమును, తరువాత 'ఎస్'ను రెండును గావలెను. మార్చి 8వ తేదీ మహిళా దినోత్సవపు పేరు వ్రాయునపుడు కొక్కెమును 'ఎస్' తరువాత నుంచుట యిందుచేతనే తప్పు.

"దాని తోక" అనుటకు వాడు 'ఇట్స్' సర్వనామము. దానికి కొక్కెము కూడదు. ఉంచినచో "అది యున్నది" యను వేరర్థము వచ్చును.

ఇంత చిన్న గురుతునకు విలువ యేమందురా? అమెరికాలో అన్నా జార్విస్ అను నామె మాతృదినోత్సవమునకై పాటుపడి, ఆ పేరున కొక్కెమును 'ఎస్'కు ముందే నిలిపినది. లోకమందలి తల్లులందరి దినముగా గాక, ప్రతి కుటుంబమును తన తల్లిని గౌరవించు దినముగా నుండవలెనని యామె తలంపు. 1914లో ఆ దేశ ప్రభుత్వము దానిని గుర్తించినది.

కావున బిడ్డ పుస్తకము తెచ్చినపుడు వెనుదీయకుడు. "ఎవరిది? ఒకరిదా, పలువురిదా?" అని తెనుగున నడుగుడు. వాడు చెప్పు సమాధానమే కొక్కెమునకు చోటు చూపును.