తేనెపెట్టె ఇస్తే సరిపోదు

తేనెటీగల పెంపకానికి గత కొన్నేళ్లుగా ప్రభుత్వ ఆదరణ బాగానే దొరుకుతోంది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో హనీ మిషన్ మొదలుపెట్టి రైతులకు, గిరిజనులకు, నిరుద్యోగ యువతకు పెట్టెలు పంచింది. 2020లో కేంద్రం ఆత్మనిర్భర్ భారత్ ప్యాకేజీలో భాగంగా జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు 500 కోట్ల రూపాయలు ప్రకటించింది. ఇలాంటి పథకాల ప్రగతిని చెప్పేటప్పుడు ఎన్ని పెట్టెలు పంచాం, ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎన్ని టన్నుల తేనె వచ్చింది అన్న అంకెలే ముందుకొస్తాయి. పంచిన పెట్టెల్లో ఈగలు ఏడాది తిరిగేసరికి బతికి ఉన్నాయా అన్న ప్రశ్న వెనకబడిపోతుంది. నిజానికి అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. ఈగల ఆరోగ్యం చూసుకోవడం చేతికి అబ్బాల్సిన నేర్పు. హాల్లో కూర్చోబెట్టి చెప్పే ఉపన్యాసంతో అది రాదు, తెరిచిన పెట్టె ముందు నిలబడి చట్రం చేత్తో పట్టుకుని చూస్తేనే వస్తుంది. అటువంటి శిక్షణకు ఖర్చు పెట్టకుండా పెట్టెలకే పెట్టే డబ్బులో చాలా భాగం వృథా అవుతుంది.

దక్షిణాదికి ఈ పాఠం ఒకసారి చాలా ఖరీదుగా అందింది. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే మన దేశవాళీ ఈగకు 1991-92 ప్రాంతంలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు సోకింది. 1976లో థాయ్‌లాండ్‌లో బయటపడిన ఈ జబ్బు కేరళ, కర్ణాటక, తమిళనాడులలో పెంపకందారుల పెట్టెల్లోని ఈగల కుటుంబాలను 90 శాతానికి పైగా తుడిచిపెట్టింది. జబ్బుపడిన పిల్లపురుగు నీళ్లు నిండిన సంచిలా మారి గదిలోనే చనిపోతుంది, పట్టకారుతో లాగితే చిరగకుండా ఊడి వస్తుంది. వైరస్ కాబట్టి మందు లేదు. మందే లేని జబ్బుకు శిక్షణ ఏం చేస్తుందని ఎవరైనా అడగవచ్చు. చాలా చేస్తుంది. బలహీనమైన పెట్టెకు పక్క పెట్టెలోంచి పిల్లలున్న చట్రం తీసి ఇవ్వడం పెంపకంలో మామూలు పని. సంచి పురుగును గుర్తుపట్టలేని వాళ్లు ఆ పని చేస్తే జబ్బు తోటంతా పాకుతుంది. గుర్తుపట్టినవాళ్లు ఆ పెట్టెను దూరంగా జరుపుతారు, చట్రాలు మార్చడం ఆపేస్తారు, రాణిని కొన్నాళ్లు బంధించి గుడ్లు పెట్టనివ్వరు, వైరస్‌కు కొత్త పిల్లలు దొరక్కుండా చేస్తారు. జబ్బును తట్టుకుని నిలిచిన కుటుంబాల నుంచే కొత్త రాణులను తయారు చేసుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ సీసాలో కొనుక్కునేది కాదు.

ఇటాలియన్ తేనెటీగ కథ మరో రకం. 1960ల తొలి సంవత్సరాల్లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఈ ఈగ ఇవాళ వాణిజ్య పెంపకానికి ఆధారం. తేనె ఎక్కువ ఇస్తుంది కానీ వర్రోవా నల్లికి తట్టుకోలేదు. ఈ నల్లి మొదట మన ఆసియా ఈగదే. అక్కడది ఎక్కువగా పోతుటీగల గదుల్లోనే పిల్లల్ని పెడుతుంది, ఈగలు కూడా దాన్ని దులిపేసుకుంటాయి, అందుకే నష్టం తక్కువ. ఇటాలియన్ ఈగలో కూలి ఈగల గదుల్లోకి కూడా దూరుతుంది. గదికి మూత పడే ముందు లోపలికి వెళ్లి, పిల్ల ఈగ ఒంటిని పీలుస్తూ తన సంతానాన్ని పెంచుతుంది, రెక్కలు ముడుచుకుపోయే వైరస్‌ను ఎక్కిస్తుంది. నల్లుల్లో ఎక్కువ భాగం మూతల కింద ఉంటాయి కాబట్టి పైనుంచి చూసేవాళ్లకు పెట్టె నిండుగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు పాకడం మొదలయ్యేసరికి సాధారణంగా ఆలస్యమైపోతుంది. అందుకే లెక్క కావాలి. పిల్లలున్న చట్రం మీంచి, రాణి లేదని నిర్ధారించుకుని, అర కప్పు ఈగలను, అంటే సుమారు 300 ఈగలను, జాలీ మూత ఉన్న సీసాలోకి దులిపి, పొడి చక్కెర వేసి దొర్లించి, తెల్లటి పళ్లెంలో విదిలిస్తే నల్లులు రాలతాయి. వాటిని 3తో భాగిస్తే నూరు ఈగలకు ఎన్ని నల్లులో తెలుస్తుంది. మూడుకు చేరితే చర్య తీసుకోవాలని చాలాచోట్ల పాటిస్తారు. చదవడానికి ఇది చాలా సులువు. సరైన చట్రాన్ని ఎంచుకోవడం, రాణిని కనిపెట్టడం, కుట్టించుకోకుండా ఈగలను దులపడం మాత్రం ఇంకొకరు పక్కన ఉండి చేయిస్తేనే వస్తాయి.

పైగా విదేశీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ చేస్తే చాలదు. మన దగ్గర కొండ తేనెటీగ నుంచి వచ్చే ట్రోపిలీలాప్స్ అనే ఇంకో నల్లి ఉంది. వర్రోవా కంటే చిన్నది, వేగంగా కదులుతుంది, వేగంగా పెరుగుతుంది. పెద్ద ఈగల ఒంటిని కొరకలేదు కాబట్టి వాటి మీద ఎక్కువసేపు ఉండదు. అందువల్ల చక్కెర పరీక్షలో అది సరిగా దొరకదు. పిల్లల చట్రాన్ని పళ్లెం మీద తట్టి చూడాలి, మూతలు విప్పి చూడాలి. పిల్లలు లేకుండా కొన్ని రోజులకు మించి బతకలేకపోవడమే దాని బలహీనత, కాబట్టి గుడ్లు పెట్టడం కొంతకాలం ఆపితే మందు లేకుండానే అదుపులోకి వస్తుంది. చలిదేశాల్లో శీతాకాలం ఆ విరామాన్ని తనంతట తానే ఇస్తుంది. ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు పూసే కోస్తా ఊళ్లలో ఆ విరామం మనిషే కల్పించాలి. వర్రోవాకు వాడే ఫార్మిక్ ఆమ్లం సంగతి కూడా ఇంతే. అది ఆవిరై పనిచేస్తుంది, మన ఎండల్లో ఆ ఆవిరి ఒక్కసారిగా ఎక్కువై పిల్లలను, ఒక్కోసారి రాణినే చంపుతుంది. ఏ నెలలో, ఏ వేళలో, ఎంత మోతాదు అన్నది అనంతపురానికి ఒకటి, అరకుకు ఒకటి.

జబ్బును పోల్చుకోలేకపోతే పోయేది ఆ ఒక్క పెట్టె మాత్రమే అనుకోకూడదు. పిల్లలు చచ్చిపోతున్నాయని చూసి, అది వైరసో బాక్టీరియానో తెలియక, యాంటీబయోటిక్ కలిపిన చక్కెర పాకం పెడితే ఏమవుతుంది? సాక్‌బ్రూడ్ తగ్గదు, మందు మాత్రం తేనెలో మిగులుతుంది. 2010లో ఐరోపా సమాఖ్య మన తేనె దిగుమతులను ఆపేసిన కారణాల్లో యాంటీబయోటిక్ అవశేషాలు ఒకటి. అదే ఏడాది ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం పరీక్షించిన 12 తేనె నమూనాల్లో 11లో యాంటీబయోటిక్‌లు బయటపడ్డాయి. కంపెనీలపై నిఘా అవసరమే, కానీ అవశేషం పుట్టేది పెట్టె దగ్గర. చచ్చిన పిల్లలో అగ్గిపుల్ల గుచ్చి లాగితే బంకలా దారం సాగిందంటే అది అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే బాక్టీరియా జబ్బు అయి ఉండవచ్చు. దాని బీజాలు దశాబ్దాల పాటు చట్రాల్లో బతుకుతాయి, మందు వాటిని చంపదు. ఆ తేడా తెలిసిన పెంపకందారు మందుల దుకాణానికి పరుగెత్తడు.

శిక్షణ అంత ముఖ్యమంటే ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. తాతల కాలం నుంచి గిరిజనులు ఏ శిక్షణా లేకుండానే తేనె తీస్తున్నారు కదా అంటారు. ఆ జ్ఞానం గొప్పదే, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ అది అడవిలో తనంతట తాను బతికే పట్టు గురించిన జ్ఞానం. యాభై కుటుంబాలను ఒకే తోటలో పక్కపక్కన పెట్టి, పొద్దుతిరుగుడు కోసం ఒక జిల్లాకు, వలిసె పూల కోసం ఇంకో జిల్లాకు లారీలో తిప్పితే జబ్బులు వ్యాపించే తీరే మారిపోతుంది. ప్రకృతికే వదిలేస్తే తట్టుకునేవి మిగులుతాయి అన్నది ఇంకో వాదన. దాంట్లో కొంత నిజముంది. అయితే అప్పు చేసి పది పెట్టెలు పెట్టిన రైతు తొమ్మిది పోయాక మిగిలిన ఒక్కదానితో ఎన్నాళ్లు ఎదురుచూడగలడు? ఎంపిక జరగాలి, అది లెక్కలు రాసుకునే మనుషుల చేతుల్లో జరగాలి. ఫోన్లో వీడియోలున్నాయి కదా అనేవాళ్లకు చెప్పేది ఒకటే: వీడియో మీ చట్రాన్ని చూడలేదు. పుల్లటి వాసన దానికి అందదు, ఆరోగ్యమైన పిల్లల తెల్లటి మెరుపుకూ జబ్బు పిల్లల పసుపుకూ తేడా చిన్న తెర మీద తెలియదు.

ఖర్చు గురించిన అభ్యంతరం మాత్రం గట్టిది. రోజు కూలి వదులుకుని కౌలు రైతు, చిన్న రైతు రాలేరు. అందుకే కార్యశాల వాళ్ల దగ్గరికే రావాలి, ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి. పదిహేను మందికి మించకుండా, ఒకరి తోటలో, పూత ముందు ఒకసారి, తేనె తీశాక ఒకసారి, మేత దొరకని వానాకాలంలో ఒకసారి జరగాలి. ముసుగు, పొగడబ్బా, సీసా, పళ్లెం ప్రతి ఒక్కరి చేతిలో ఉండాలి. వచ్చినవాళ్లలో మిరప, పత్తి రైతులు కూడా ఉంటే పురుగుమందు ఎప్పుడు చల్లాలన్న మాట అక్కడే తేలుతుంది, సాయంత్రం ఈగలు గూటికి చేరాక చల్లితే ఇద్దరికీ మేలు. నేర్పడానికి మనుషులూ ఉన్నారు. పూణేలో 1962 నుంచి కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. విశ్వవిద్యాలయాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో కీటకశాస్త్రవేత్తలు ఉన్నారు. నేర్పడం చిన్న పనేమీ కాదు. ప్రపంచ తేనెటీగల దినోత్సవంగా మే 20ని ఎంచుకున్నది ఆంటోన్ యాన్షా గౌరవార్థం. 18వ శతాబ్దిలో వియన్నాలో మరియా థెరిసా నియమించిన తేనెటీగల బోధకుడాయన. ప్రపంచం పండుగ చేసుకుంటున్నది ఒక శిక్షకుడి పేరు మీద అన్నది మన అధికారులు గమనించాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యాన శాఖలు ఈ ఏడాది కొత్త పెట్టెలు పంచేముందు ఒక పని చేయాలి. నిరుడు, అటు ముందు ఏడాది పంచిన పెట్టెల్లో ఇవాళ రాణితో, పిల్లలతో బతికున్న కుటుంబాలు ఎన్నో మండలాల వారీగా లెక్క తీసి బయటపెట్టాలి. సగానికి పైగా ఖాళీగా ఉన్న మండలంలో కొత్త పెట్టెల డబ్బును ముందు కార్యశాలలకు మళ్లించాలి.