అంబులెన్సు వల్లే ఆపద వస్తే...

నొప్పులు మొదలయ్యాయంటే చాలు, పల్లెలోనైనా పట్నంలోనైనా ముందు గుర్తొచ్చే నంబరు 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సర్వీసుకు వచ్చే ఫోన్లలో గర్భిణుల కోసం చేసేవే పెద్ద వాటా. తల్లీబిడ్డా క్షేమంగా ఆస్పత్రికి చేరితే ఆ బండికి దణ్ణం పెట్టుకుంటాం. సరే, చేరకపోతే? ఆక్సిజన్ సిలిండరు సగం దారిలో ఖాళీ అయితే? స్ట్రెచర్ మీంచి మనిషి జారిపడితే? అప్పుడు పరిహారం ఎవరివ్వాలి? ఇలా అడిగితే ప్రాణాలు కాపాడేవాళ్లను తప్పుపట్టినట్టు కాదు.

"బండికి ఇన్సూరెన్సు ఉంటుందిగా!" అంటారు. ఉంటుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదు. అంబులెన్సు గుద్ది దారినపోయేవాళ్లు చనిపోయినా, గాయపడినా ఈ పాలసీ కింద వచ్చే పరిహారానికి పరిమితి లేదు. ఎదుటివారి ఆస్తి పాడైతే మాత్రం మామూలుగా 7.5 లక్షల రూపాయల దాకానే. కానీ ఇదంతా రోడ్డు ప్రమాదాల మాట. బండిలో పొరపాటున ఒక మందుకు బదులు ఇంకో మందు ఎక్కించారనుకోండి. బండి ఎవరినీ గుద్దలేదు కదా, మోటారు పాలసీ ఆ జోలికి రాదు. డాక్టర్లు, ఆస్పత్రులు తీసుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ లాంటిది వేరేగా ఉండాలి.

అదీ ఉందనుకుందాం. 10 లక్షలకు తీసుకుంటే 10 లక్షలే. కోర్టు అంతకు మించి వేస్తే మిగతాది సంస్థే కట్టుకోవాలి. కోర్టులు ఎంత వేస్తాయంటారా? హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషన్ తర్వాత నడుము కింది భాగం చచ్చుబడిపోయిన ఇంజనీరింగ్ విద్యార్థికి జాతీయ వినియోగదారుల కమిషన్ 15.5 లక్షలు ఇమ్మంది. 2009లో సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలు చేసింది. అది ఆస్పత్రి కేసే, అంబులెన్సు కేసు కాదు. అయితే కోర్టు లెక్క వేసేది ఆ మనిషికి జీవితాంతం కావలసిన మందులు, తోడు మనిషి, పోయిన సంపాదన. తప్పు చేసిన సంస్థ పెద్దదా చిన్నదా అని కాదు.

అందుకే అదనపు లయబిలిటీ బీమా. ఇంట్లో రెండో గ్యాస్ సిలిండరు పెట్టుకుంటాం చూడండి, అలాంటిదే. మొదటి పాలసీ పరిమితి అయిపోయాక ఇది అందుకుంటుంది. అయితే స్టవ్వే లేనప్పుడు రెండో సిలిండరు ఎందుకు? మొదటి పాలసీలో చికిత్స పొరపాట్లు లేకపోతే, సాధారణంగా పైదాంట్లోనూ ఉండవు. అమెరికాలో ఎన్నో ఊళ్లలో ఫైరింజన్లు, అంబులెన్సులు నడిపేది వాలంటీర్లే. అలాంటి సంస్థల కోసమే అక్కడ ఈ అదనపు పాలసీలు అమ్ముతారు. మన దగ్గర చందాలతో నడిచే అంబులెన్సుల వాళ్లలో ఎందరు ఈ మాట విన్నారో!

"ఉచితంగా చేసే సేవకు కేసులేమిటి?" అనే ధీమా ఒకటుంది. అందరికీ ఉచితంగా చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన మాట నిజమే. కానీ సివిల్ కోర్టు తలుపులు, హైకోర్టు తలుపులు తెరిచే ఉన్నాయి. రైలు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన వ్యక్తిని కలకత్తా ప్రభుత్వాస్పత్రులు చేర్చుకోకుండా తిప్పి పంపితే, 1996లో సుప్రీంకోర్టు ప్రభుత్వం చేత 25 వేలు ఇప్పించింది. సరైన పరికరాలు, సిబ్బంది ఉన్న అంబులెన్సులు ఉండాలని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. ఇక 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన రక్షణ ఉంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవారిని ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, మంచి మనసుతో ఆదుకునే దారినపోయేవారికి కేసుల భయం లేదు. జీతానికి పనిచేసే అంబులెన్సు సిబ్బంది ఆ గొడుగు కిందికి రారు.

బీమా లేకపోతే నష్టపోయేది సంస్థే అనుకుంటాం. నన్నడిగితే అసలు నష్టం బాధితులకే. ట్రస్టుకున్న ఆస్తి ఒక పాత వ్యాను అయితే, కోర్టు లక్షలు వేసినా ఆ తల్లి చేతికొచ్చేది కాగితమే. బండిలో కూర్చుని కాన్పు చేసిన నర్సమ్మ పేరూ కేసులోకెక్కుతుంది. మరి ఆమె లాయరు ఫీజు ఎవరు కడతారు? ప్రభుత్వం కంపెనీకి అప్పగించి నడిపించే సర్వీసులోనూ ఇదే ప్రశ్న. బండ్లెన్ని, నెలకు ఎంతిస్తున్నారు అని పేపర్లలో చదువుతాం. చికిత్సలో పొరపాటు జరిగితే ఎంతవరకు బీమా ఉందో, అదెవరి పేరున ఉందో ఎక్కడా కనబడదు.

మహిళా మండళ్లు, క్లబ్బులు, గుడి ట్రస్టులు అంబులెన్సు కొనిచ్చేటప్పుడు రిబ్బన్ కత్తిరించే ముందే ఇవి తేల్చుకోవాలి. చికిత్స పొరపాట్లకు పాలసీ ఉందా? లోపల ఉన్న రోగికి, తోడు వచ్చినవారికి మోటారు పాలసీ వర్తిస్తుందా? సిబ్బంది పేర్లు చేర్చారా? అన్నిటికన్నా రెన్యువల్ ముఖ్యం. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీలు మామూలుగా కేసు వచ్చేనాటికి అమలులో ఉంటేనే పనికొస్తాయి. నిమ్స్‌లో ఆపరేషన్ జరిగిన నాటి నుంచి కేసు తేలేసరికి దాదాపు 19 ఏళ్లు పట్టింది. బండి కొనడానికి చందా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. మూడో ఏడు ప్రీమియానికి డబ్బెక్కడిదో మొదటి మీటింగులోనే రాసుకోవాలి.